నార్వే–రష్యా పొలిమేరలో చర్చిలు, పాత కట్టడాలు చూడాలంటే: ఎప్పుడు, ఎలా, ఏ వరసలో

నార్వే మ్యాప్ ముందు పెట్టుకుని వేలు పైకి, ఇంకా పైకి జరపండి. జరిపి జరిపి కుడిచేతి మూలకి వచ్చాక, ఇంకొంచెం జరిపితే రష్యాలో పడతాం అనిపించిన చోట ఆపండి. అదే కిర్కెనెస్. రాయడం అలా రాస్తాం కానీ అక్కడివాళ్లు పలికితే మొదటి అక్షరం మన ‘శ’కి దగ్గరగా వినిపిస్తుంది, కాబట్టి బస్సులో ఎవరైనా ‘శిర్కెనెస్’ అంటే మీరు వెళ్లే ఊరి పేరే అనుకోండి. అక్కణ్ణుంచి రష్యా గేటు కారులో పావుగంట, ఫిన్లాండ్ ఓ ముప్పావుగంట.

మనవాళ్లు నార్వే అనగానే ట్రోమ్సో వెళ్లి ఆకాశంలో రంగుల వెలుగులు (అరోరా) చూసి, లోఫోటెన్‌లో ఎర్ర గుడిసెల ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఈ మూలకి వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినా తీరం వెంబడి నడిచే ఓడలో వస్తారు. ఆ ఓడ పొద్దున్న తొమ్మిదికి వచ్చి పన్నెండున్నరకి వెనక్కి తిరుగుతుంది, ఆ మూడున్నర గంటల్లో ఒక పీత తిని, ఒక సొరంగం చూసి ‘చూసేశాం’ అంటారు. నేను చెప్పేది వాళ్లకి కాదు. కనీసం మూడు రోజులు పెట్టుకోగలిగినవాళ్లకి.

మేము వెళ్లింది జూలైలో. నేను, మా ఆవిడ, గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు. ఆయన రిటైరైన మండల సర్వేయర్. జీవితమంతా గొలుసు పట్టుకుని హద్దురాళ్లు వెతికిన మనిషి. నేను చర్చిలు చూపిద్దామని తీసుకెళ్తే ఆయన రెండో రోజుకే తేల్చేశారు: “ఇవి చర్చిలు కావు అల్లుడుగారూ, హద్దురాళ్లు.” విని నవ్వాను గానీ, ఆ మాట పట్టుకుని చూస్తే తప్ప ఈ ప్రాంతం అర్థం కాదని తర్వాత తెలిసింది. మన ఊళ్లలో పొలిమేరన పోలేరమ్మని పెట్టుకుంటాం కదా, ఇక్కడ రెండు దేశాలు పోటీపడి పొలిమేరన చర్చిలు పెట్టుకున్నాయి. కాబట్టి దగ్గర్లో ఏముంటే అది చూసుకుంటూ పోకండి, ఏది ఎవరు ఎందుకు కట్టారో ఆ కథ తెలిసే వరసలో చూడండి. నా సలహా అంతా దీని చుట్టూనే.

ముందు కాగితాలు, కాలం, కారు

ఇండియా నుంచి నేరుగా వస్తుంటే షెంజెన్ వీసా చాలు, దాంతోనే పక్కనున్న ఫిన్లాండ్‌లోకీ వెళ్లి రావచ్చు. కనీసం 30,000 యూరోలకి మెడికల్ ఇన్సూరెన్స్ ఎలాగూ అడుగుతారు. నార్వే, ఫిన్లాండ్ మధ్య గేటూ ఉండదు, మనిషీ ఉండడు, బోర్డు మాత్రం ఉంటుంది. అయినా పాస్‌పోర్ట్ హోటల్ గదిలో వదిలేయకండి. ఇది సరిహద్దు ప్రాంతం, సైనికులో పోలీసులో ఆపి ఎవరు మీరు అని అడగడం మామూలే. మర్యాదగానే అడుగుతారు, టెన్షన్ పడక్కర్లేదు.

కాలం విషయానికొస్తే జూన్ మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా. మే మధ్య నుంచి జూలై చివరి వారం దాకా సూర్యుడు అస్తమించడు, రాత్రి పదకొండుకి కూడా చర్చి గోడ మీద ఎండ పడుతుంటుంది, ఫొటోలకి అంతకన్నా మంచి వెలుతురు దొరకదు. నవంబరు చివర్నుంచి జనవరి మధ్య దాకా దీనికి తలకిందులు, సూర్యుడు పైకే రాడు. చలికాలంలో రంగుల వెలుగుల కోసం రావచ్చు గానీ, అన్నిటికన్నా ముఖ్యమైన సముద్రపు ఒడ్డు చర్చికి వెళ్లే రోడ్డులో చివరి భాగం మంచు వల్ల మూసేస్తారు. అది లేకుండా ఈ యాత్ర పెళ్లికొడుకు లేని పెళ్లి.

ఓస్లో నుంచి కిర్కెనెస్‌కి నేరుగా విమానం ఉంది, రెండు గంటల ప్రయాణం. కారు ముందే బుక్ చేసుకోండి. ఎయిర్‌పోర్టుకి వెళ్లాక చూద్దాం అనుకుంటే దొరక్కపోవచ్చు, మాకు ఒకసారి అలాగే అయింది, చివరికి దొరికిన వ్యాన్‌కి రెట్టింపు కట్టాం. ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్లు ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) కూడా తెచ్చుకోండి. పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వెలిగే ఉండాలి, అది చట్టం. బీరు తాగి బండి ముట్టుకోవద్దు, ఇక్కడి పరిమితి 0.02 శాతం, అంటే ఒక్క గ్లాసు కూడా ఎక్కువే. రోడ్డు మీద రెయిన్‌డీర్లు మన గేదెల్లాగే నిదానంగా దాటతాయి. హారన్ కొట్టినా వాటికి లెక్కలేదు, ఆగడమే.

తిండి ఖరీదు సంగతి నార్వే అంతటా ఒకటే. పచ్చళ్లు, పొడులు, పులిహోర పేస్టు తెచ్చుకోవచ్చు. కానీ యూరప్ బయటినుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా సూట్‌కేసులో పెట్టకండి. మా మామగారి నేతి డబ్బా ఓస్లోలోనే కస్టమ్స్ వాళ్ల పాలైంది, ఆ బాధ ట్రిప్పంతా విన్నాం.

మొదటి రోజు: విమానం దిగి ఊళ్లోకి పోకుండా నైడెన్‌కి

ఎయిర్‌పోర్టు కిర్కెనెస్‌కి పడమటి వైపు ఉంది. అందరూ దిగగానే ఎడమా కుడీ చూడకుండా ఊళ్లోకి పోతారు. మీరు ఈ6 రోడ్డు పట్టుకుని రెండో వైపు తిరగండి. అరగంటలో నైడెన్ అనే పల్లె వస్తుంది. (ఈ రోడ్డు సంగతి ఒక ముక్క: స్వీడన్ దక్షిణపు కొసన ట్రెల్లెబోర్గ్‌లో మొదలై 3,000 కిలోమీటర్లకి పైగా నడిచి కిర్కెనెస్‌లో ఆగుతుంది.)

నైడెన్‌లో చూడాల్సినవి రెండు ప్రార్థనా మందిరాలు, రెండింటినీ ఒకే పూట చూడాలి. మొదటిది సెయింట్ జార్జ్ చాపెల్. దాన్ని వెతుక్కోవడమే కష్టం. చర్చి అంటే ఏదో గోపురం కనిపిస్తుందనుకుని మేము రెండుసార్లు దాటిపోయాం. అది దుంగలతో పేర్చిన చిన్న గది. మన పల్లెల్లో చేను కాపలాకి వేసుకునే గదికన్నా పెద్దదేం కాదు, పది మంది నిలబడితే నిండిపోతుంది. కాలానికి దుంగలు బూడిద రంగుకి తిరిగాయి, దగ్గరికెళ్లి వేలితో రాస్తే కొయ్య గరుకుగా, ఎండకి వెచ్చగా తగులుతుంది. తరతరాలుగా చెప్పుకునే ప్రకారం 1565లో, పెచెంగా మఠం స్థాపించిన త్రిఫోన్ అనే రష్యన్ సన్యాసి కట్టించింది. అంటే మన దగ్గర తళ్లికోట యుద్ధం జరిగిన ఏడు. ఈ లెక్క చెప్పగానే మామగారు ఇంకోసారి చుట్టూ తిరిగొచ్చారు.

ఇది స్కోల్ట్ సామీల గుడి. సామీలు ఈ ఉత్తరాది నేల అసలు జనం, వాళ్లలో స్కోల్ట్‌లు తూర్పు శాఖ, రష్యన్ ఆర్థడాక్స్ మతం పుచ్చుకున్నవాళ్లు. 1826 దాకా ఇక్కడ కచ్చితమైన సరిహద్దు లేదు, ఈ నేలని రెండు వైపులా ఉమ్మడిగా వాడుకున్నారు, పన్నులు మాత్రం రెండు వైపులా కట్టించుకున్నారట. ఆ ఏడు గీత గీశారు. చేపలకి ఒకచోట, చలికాలానికి ఇంకోచోట తిరిగే జనం మధ్యనుంచి ఆ గీత పోయింది. నైడెన్ నార్వేకి పడింది, మతం మాత్రం అటువైపుది.

లోపలికి వెళ్లగలమని ఆశ పెట్టుకోకండి, మామూలు రోజుల్లో తాళమే. ఆగస్టు చివర్లో ఏటా ఒక ఆర్థడాక్స్ ప్రార్థన జరుగుతుంది, ఆ తేదీకి కుదిరితే అదృష్టం. పక్కనే పాత శ్మశానం ఉంది, అక్కడ మాత్రం చూసి అడుగేయండి. సమాధులంటే పాలరాళ్లు ఉంటాయనుకుంటాం, ఇక్కడ గడ్డి కింద చిన్న ఎత్తులు తప్ప ఏమీ తెలియదు. 1915లో పరిశోధన పేరు చెప్పి ఈ శ్మశానం నుంచి 94 మంది అస్థికలు తవ్వి రాజధానికి పట్టుకుపోయారు. జాతుల్ని కొలిచే పిచ్చి ముదిరిన రోజులవి. అవి తిరిగొచ్చి మళ్లీ మట్టిలో చేరింది 2011లో. అందుకే అక్కడ సెల్ఫీలు వద్దు.

తర్వాత రెండోది, అదే పల్లెలో, 1902లో నార్వే ప్రభుత్వం కట్టిన నైడెన్ చర్చి. దీన్ని వెతకక్కర్లేదు, అదే మిమ్మల్ని పిలుస్తుంది. ముదురు రంగు కొయ్య, మెట్లు మెట్లుగా లేచే పైకప్పులు, మధ్యయుగపు నార్వే కొయ్య చర్చిల వరసలో పనిగట్టుకుని కట్టారు. నిజానికి ఈ ఉత్తరాదిలో ఆ శైలి ఎప్పుడూ లేదు. స్కోల్ట్‌ల ఆర్థడాక్స్ గది ఒకవైపు, ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇంకోవైపు, ‘ఇది నార్వే నేల’ అని గట్టిగా చెప్పాల్సిన అవసరం ఓస్లోకి వచ్చింది, చర్చితో చెప్పింది. రెండింటినీ గంట తేడాలో చూడండి. చిన్నది ఎవరికోసమూ కట్టినట్టు ఉండదు, పెద్దది ఎదుటివాడు చూడాలనే కట్టారని తెలిసిపోతుంది. నాకు చిన్నదే నచ్చింది, మా ఆవిడకి పెద్దది. ఫొటోలో బాగా వచ్చేది మాత్రం పెద్దదే.

స్కోల్ట్ సామీల మ్యూజియం కూడా ఇక్కడే ఉంది, 2017లో తెరిచారు, చిన్నదే అయినా వదలొద్దు. దాని తర్వాత నది మీదున్న స్కోల్టెఫోస్సెన్ జలపాతం దగ్గర ఆగండి. ఓపిక ఉంటే ఇంకో పది కిలోమీటర్లు పోయి ఫిన్లాండ్‌లో కాలు పెట్టండి. సరుకులు అక్కడ చవక, నార్వే జనం కూడా అక్కడికే కార్లేసుకుని పోతారు. అక్కణ్ణుంచి ఇంకొంచెం దూరం వెళ్తే సెవెట్టిజార్వి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెట్సమో ప్రాంతం సోవియట్‌కి పోతే, ఇళ్లు వదిలి వచ్చిన స్కోల్ట్‌లని ఫిన్లాండ్ అక్కడ కుదిర్చింది. 1951 నాటి ఆర్థడాక్స్ చర్చి ఉంది, అదీ ఆ త్రిఫోన్ పేరు మీదే. పొద్దున చూసిన దుంగల గది తాలూకు మిగతా కథ అది. ఫిన్లాండ్ గడియారం ఒక గంట ముందుంటుందని మర్చిపోకండి, అంగళ్లు మూసే వేళ మారుతుంది.

రెండో రోజు: సముద్రం ఒడ్డున రాతి చర్చి

పొద్దున్నే పెట్రోల్ నింపుకోండి, ఫ్లాస్కులో కాఫీ, తినడానికి ఏదైనా పెట్టుకోండి, కాలకృత్యాలు కూడా ముగించుకోండి (ఇది ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది). కిర్కెనెస్ నుంచి గ్రెన్స యాకబ్‌సెల్వ్ సుమారు 60 కిలోమీటర్లు, దారిలో పెట్రోల్ బంకు లేదు.

మొదట వచ్చేది స్టోర్‌స్కోగ్. నార్వే, రష్యా మధ్య చట్టబద్ధంగా దాటగలిగే ఒకే ఒక్క గేటు. సరిహద్దు పొడవు 198 కిలోమీటర్ల దాకా ఉంది, దారి ఒక్కటే. 2015లో వేలమంది శరణార్థులు ఇక్కడికి సైకిళ్ల మీద వచ్చారు, నడిచి దాటకూడదని రష్యా వైపు నియమం ఉండేది, అందుకని ఎక్కడెక్కడి పాత సైకిళ్లో కొని నాలుగు తొక్కులు తొక్కి ఇవతల పడేశారు. ఇప్పుడు చూడ్డానికి ఏముందంటే ఒక గేటు, ఒక బోర్డు. కారు ఆపమన్న చోట ఆపి చూసి వెళ్లిపోండి, ఐదు నిమిషాలు చాలు.

తర్వాత రోడ్డు సన్నబడుతుంది. ఒక్క బండి పట్టే రోడ్డు, అక్కడక్కడా పక్కకి తప్పుకునే చోట్లు ఉంటాయి, నీలం బోర్డు మీద ‘ఎం’ అని అక్షరం కనిపిస్తుంది. ఎదురుగా బండి వస్తే ఆ చోటు ఎవరికి దగ్గరైతే వాళ్లు ఆగాలి. అక్కడ ఆపుకుని ఫొటోలు తీసుకోకండి, అది పార్కింగ్ కాదు. కాసేపటికి రోడ్డు పక్కనే నది వస్తుంది. చిన్న నది. కొన్నిచోట్ల మన పంట కాలువంత ఉంటుంది. ఇటు ఒడ్డున పసుపు గుంజ, అటు ఒడ్డున ఎరుపు, ఆకుపచ్చ పట్టీల గుంజ. ఆ గుంజ రష్యా.

ఇక్కడే మామగారు కారు ఆపించారు. దిగి గుంజల మధ్య దూరం కంటితోనే కొలిచి, “హద్దు వాగు మధ్యలో కాదు అల్లుడుగారూ, లోతున్న పాయ వెంట ఉంటుంది, చూడండి” అన్నారు. నేను ఇంటికొచ్చాక చూస్తే నిజమే, నది లోతైన పాయ వెంటే సరిహద్దు. ముప్పై ఏళ్లు గట్టు తగాదాలు తీర్చిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడు చేయకూడనివి. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు, సరదా కోసం చేసిన పనికి కూడా జరిమానా వేస్తారు. గీత దాటకూడదు, ఒక అడుగూ కాదు, చెయ్యి చాపి కూడా కాదు. అటువైపు రాయి విసరకూడదు. అవతల ఒడ్డున ఎవరైనా కనిపిస్తే పలకరించకూడదు, చెయ్యి ఊపకూడదు. రష్యా సైనికుల్ని, వాళ్ల టవర్లని ఫొటో తీయకూడదు. డ్రోన్ అసలు తేవద్దు. ఇక పొద్దున చెప్పిన సంగతి: 2022లో ఇక్కడ ఒక బోర్డు పెట్టారు, రష్యా వైపు తిరిగి మూత్రం పోయరాదు అని. జరిమానా 3,000 క్రోనర్లు, మన డబ్బులో పాతిక వేల పైమాటే. చదివి నవ్వుతారు, నవ్వండి, కానీ ఆ పని మాత్రం కిర్కెనెస్‌లోనే ముగించుకుని రండి.

రోడ్డు చివర్లో బారెంట్స్ సముద్రం కనిపించే ముందు చిన్న గుట్ట మీద రాతి చర్చి. రెండో ఆస్కార్ రాజు చాపెల్ అంటారు. 1869లో కట్టారు, యాకబ్ విల్‌హెల్మ్ నోర్డాన్ అనే ఆర్కిటెక్ట్ గీశాడు. ఎందుకు కట్టారన్నది అసలు కథ. రష్యా జాలర్లు ఇటువైపు నీళ్లలోకి, ఒడ్డుకి వస్తున్నారని నార్వే జాలర్లు మొరపెట్టుకున్నారు. గస్తీకి యుద్ధనౌక పంపాలని కొందరన్నారు. సంగతి చూసి రమ్మని పంపిన నౌకాదళ అధికారి మాత్రం ఓడ వద్దు, చర్చి కట్టండి అన్నాడు. ఓడ వస్తుంది, పోతుంది. రాతి చర్చి కదలదు, పైగా దేవుడి ఇల్లు కాబట్టి అవతలివాళ్లు కూడా గౌరవిస్తారు. ఆ లెక్క మీద, చుట్టూ ఊరంటూ సరిగా లేని చోట ఇంత రాతి కట్టడం లేచింది. 1873లో రెండో ఆస్కార్ రాజు స్వయంగా వచ్చి ఇక్కడ ప్రార్థన విన్నాడు, దాని గుర్తుగా పాలరాతి ఫలకం ఉంది.

గోడ దగ్గరికెళ్లి చూడండి. నైడెన్‌లో కొయ్య, ఇక్కడ రాయి. ఉత్తరం నుంచి సముద్రపు గాలి ఎంత గట్టిగా కొడుతుందంటే కారు తలుపు తెరిచేటప్పుడు చేత్తో పట్టుకోవాలి, లేకపోతే విరిగొస్తుంది. చెట్టన్నది లేదు. గాలి, సముద్రం చప్పుడు, గడ్డిలో కొన్ని పాత సమాధులు. మేము వెళ్లినప్పుడు తలుపు తాళం. వేసవిలో కొన్ని రోజులు తీస్తారు గానీ ఏ రోజని ముందే కిర్కెనెస్‌లోని టూరిస్ట్ ఆఫీసులోనో చర్చి ఆఫీసులోనో అడగండి. ఇది నార్వే అంతటికీ వర్తించే మాట, చర్చి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందనుకోవద్దు. మేము అడక్కుండా వెళ్లాం, కిటికీ అద్దానికి ముక్కు ఆనించి లోపల బెంచీలు చూసి వచ్చాం.

ఇంకో హెచ్చరిక, దీనికి నేను మూల్యం చెల్లించాను. ఇక్కడ ఫోన్ రష్యా టవర్ పట్టుకుంటుంది. ఇసుకలో కూర్చుని పులిహోర తింటుంటే ఫోన్ చూశాను, నాలుగున్నర. మాకు ఊళ్లో అయిదింటికి ఒక టూర్ బుక్ చేసి ఉంది. అరవై కిలోమీటర్లు, అరగంట! టిఫిన్ డబ్బా మూత కూడా పెట్టకుండా పరుగెత్తాం, మా ఆవిడ చెప్పులు ఇసుకలోనే ఉండిపోయాయి. సగం దారిలో ఫోన్ మళ్లీ నార్వే టవర్‌కి మారి మూడూ యాభై చూపించింది. మాస్కో టైమ్ వేసవిలో ఇక్కడికన్నా గంట ముందు. అప్పుడు వెనక్కి వెళ్లి చెప్పులు తెచ్చుకున్నాం, టూర్ తప్పింది. రోమింగ్ బిల్లు తర్వాత వచ్చింది, అది వేరే ఏడుపు. కాబట్టి స్టోర్‌స్కోగ్ దాటగానే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, చేతికి మామూలు గడియారం కట్టుకోండి.

గీతని వంచిన చర్చి, దూరం నుంచే

చర్చి వల్ల సరిహద్దు ఎంత మారిందో తెలియాలంటే బోరిస్ గ్లెబ్ కథ తెలియాలి. 1826లో గీత గీసేటప్పుడు పాస్విక్ నది వెంట పోతే సరిపోయేది, నదికి తూర్పు రష్యా, పడమర నార్వే. కానీ నదికి పడమటి ఒడ్డున, అంటే నార్వే వైపున, త్రిఫోన్ పేరుతోనే చెప్పుకునే ఇంకో ఆర్థడాక్స్ గుడి ఉంది. దాన్ని వదులుకునేది లేదని రష్యా పట్టుబట్టింది. గీత అక్కడ నది దాటి ఇవతలికి వచ్చి, గుడిని చుట్టుకుని మళ్లీ నదిలోకి పోయింది. మూడున్నర చదరపు కిలోమీటర్ల చిల్లర నేల ఇవాళ్టికీ నదికి ఈ ఒడ్డునే ఉన్న రష్యా.

అక్కడికి వెళ్లలేరు, వెళ్లే ప్రయత్నం చేయొద్దు. 1965 వేసవిలో సోవియట్ వాళ్లు స్కాండినేవియా టూరిస్టుల్ని వీసా లేకుండా అక్కడికి రానిచ్చారు, బారు కూడా తెరిచారు. అది విని న్యూకోంబ్ మాట్ అనే ఒక అమెరికన్, తనకీ కుదురుతుందనుకుని సెప్టెంబరులో అడవిలోంచి నడిచి దాటాడు. పట్టుకుని ఏడాదిన్నర శిక్ష వేశారు, తర్వాతి జనవరిలో ఖైదీగా రైల్లో తీసుకెళ్తుండగా చనిపోయాడు. మ్యాప్‌లో దగ్గరగా కనిపించేది దగ్గర కాదు.

మూడో రోజు: కిర్కెనెస్‌ని చివరికి ఉంచుకోండి

ఊరి పేరులోనే చర్చి ఉంది, చర్చి ఉన్న భూశిరం అని అర్థం. 1862లో ఇక్కడ చర్చి కట్టాక ఆ పేరు స్థిరపడింది. కానీ మీరు చూసే చర్చి 1959 నాటిది. ఊళ్లో పాత వీధులు, పాత ఇళ్లు కనిపించలేదేంటి అని చాలామంది నిరాశ పడతారు. పాతది ఏదీ మిగల్లేదు, అందుకే. 1906 నుంచి పక్కనున్న బ్యోర్నెవాట్న్‌లో ఇనుప గనులు నడిచాయి, ఆ ఇనుము ఎగుమతి చేసిన రేవు ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు సోవియట్ రేవు మూర్‌మాన్‌స్క్ మీదికి పోవడానికి దీన్ని స్థావరం చేసుకున్నారు, సోవియట్ విమానాలు మూడు వందలకి పైగా దాడులు చేశాయి. మిగిలింది జర్మన్లు వెనక్కి పోతూ తగలబెట్టారు. 1944 అక్టోబరు 25న సోవియట్ సైన్యం ఊళ్లోకి వచ్చేసరికి నిలబడి ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ మంటల నుంచి దూరాన ఉండి బతికినవే నైడెన్ చర్చీ, సముద్రపు ఒడ్డు చర్చీ. వాటిని ముందు చూడమన్నది ఇందుకే, ఇక్కడ పోయిందేమిటో అప్పుడు తెలుస్తుంది.

చూసే వరస: మొదట ఆండెర్స్‌గ్రోటా, ఊరి మధ్యలో రాయి తొలిచి చేసిన బాంబు దాడుల ఆశ్రయం. గైడ్‌తోనే లోపలికి, వేళలు ముందురోజే కనుక్కోండి. బయట ఎంత ఎండ ఉన్నా స్వెటర్ వేసుకునే దిగండి. మెట్లు దిగుతుంటే చలి కాళ్ల నుంచి పైకి ఎక్కుతుంది, గోడ తాకితే అరచేయి తడి. దాడి సైరన్ మోగినప్పుడల్లా పిల్లాజెల్లా ఇందులో కూర్చున్నారన్నది గోడ తాకాక గానీ నాకు ఎక్కలేదు. బ్యోర్నెవాట్న్ గని సొరంగంలోనైతే 1944 శరత్కాలంలో సుమారు మూడు వేల మంది రెండు నెలల పాటు కాపురమే పెట్టారు, ఆ చీకట్లో పది మంది పిల్లలు పుట్టారు.

తర్వాత సోవియట్ సైనికుడి స్మారకం, 1952 నాటిది. ఇక్కడివాళ్లలో వయసైనవాళ్లకి దీని మీద ఉన్న గౌరవం వేరు, ఇవాళ్టి రష్యా మీద ఉన్న కోపం వేరు, రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. వాదన పెట్టుకోకండి, వినండి. వీధి పేర్ల బోర్డులు చూడండి, నార్వేజియన్ కింద రష్యన్ లిపి కూడా ఉంటుంది. చివరగా సరిహద్దు ప్రాంతపు మ్యూజియం. సరస్సులోంచి తీసిన సోవియట్ ఇల్యూషిన్ విమానం ఉంది, దానికి అరగంట. అదే భవనంలో జాన్ సావియో చెక్క అచ్చు బొమ్మలు ఉంటాయి, ఈ ప్రాంతంలో పుట్టిన సామీ చిత్రకారుడు, 1938లో ముప్పై ఆరేళ్లకే పోయాడు. రెయిన్‌డీర్, మంచు, మనిషి, అన్నీ నలుపు తెలుపుల్లో. విమానం కోసం వెళ్లి వీటి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను.

ఇంకో రోజు మిగిలితే

రెండు దారులున్నాయి. దక్షిణాన పాస్విక్ లోయ పట్టుకుంటే 96 మీటర్ల గుట్ట మీద పాత కాపలా టవర్ వస్తుంది, అక్కణ్ణుంచి రష్యా నికెల్ పట్టణం కనిపిస్తుంది, అక్కడి లోహం కరిగించే కొలిమి 2020 డిసెంబరులో మూసేశారు. ఇంకా లోపలికి, కిర్కెనెస్ నుంచి మొత్తం వంద కిలోమీటర్లకి పైగా పోయి, అడవిలో ఐదు కిలోమీటర్లు నడిస్తే మూడు దేశాలు కలిసే రాళ్ల గుట్ట. మామగారు దీనికి పెట్టిన పేరు ట్రైజంక్షన్ రాయి, మూడు గ్రామాల హద్దులు కలిసేచోట మన సర్వే వాళ్లు అనే మాటే. దాని చుట్టూ ప్రదక్షిణ చేయకండి. మనకి అలవాటు కొద్దీ కాళ్లు తిరుగుతాయి, కానీ చుట్టూ తిరిగితే రష్యాలో అడుగు పెట్టినట్టే. దోమల మందు మాత్రం మర్చిపోవద్దు, జూలైలో అక్కడి దోమలు కొల్లేటి దోమల్ని మరిపిస్తాయి.

రెండో దారి వార్డో. దూరం ఎక్కువ, సుమారు 240 కిలోమీటర్లు, ఒక రాత్రి అక్కడే ఉండాలి. దారిలో వరాంగెర్ ఫ్యోర్డ్ ఒడ్డున నెస్సెబీ తెల్ల కొయ్య చర్చి, 1858 నాటిది, అదీ యుద్ధంలో మిగిలిందే. వాడ్సోలో ధ్రువ యాత్రికులు అముండ్సెన్, నోబిలే 1926లో ఉత్తర ధ్రువం మీదుగా పోయిన గాలి ఓడని కట్టిన ఇనుప స్తంభం ఉంది. వార్డోలో నక్షత్రం ఆకారపు కోట కన్నా స్టైల్‌నెసెట్ స్మారకానికి ఎక్కువ సమయం పెట్టండి. 17వ శతాబ్దంలో మంత్రగత్తెలన్న నింద వేసి చంపేసిన 91 మందికి పొడవాటి గుడ్డ గది, ఒక్కొక్కరికీ ఒక చిన్న కిటికీ, ఒక దీపం. నాకైతే కుదిరితే పాస్విక్ కన్నా ఇదే.

అన్నట్టు, మీ మూడు రోజుల్లో ఆదివారం పడుతుందేమో చూసుకోండి. పెద్ద దుకాణాలు మూసేస్తారు, బంకులో దొరికే సాసేజ్ తప్ప ఏమీ ఉండదు. బియ్యం, పెరుగు, రొట్టె శనివారం సాయంత్రమే కొని పెట్టుకోండి.